కుండ కడపటి ఇంటికి వచ్చేసరికి

నా చిన్నప్పుడు మా పేటలో ఉపదేశులను తయారుచేసే పెద్దాయన ఒకడుండేవాడు. తిరుత్తణి ఇంకా చిత్తూరు జిల్లాలో ఉన్న కాలం అది. కనకమ్మ సత్రం నుంచి పొలాలకు అడ్డంపడి నడిస్తే మా పేట వస్తుంది. పేట మొదట్లో తాటాకు చర్చి, దాని పక్కనే ఆయన ఇల్లు. పిల్లలం ఆయన్ని తాతయ్య అనేవాళ్లం. ఊళ్లలో చర్చి సంఘాలను చూసుకోబోయే పడుచువాళ్లు ఆయన దగ్గర ఏడాది ఉండి పని నేర్చుకునేవాళ్లు. ఆయన వాళ్లకు ముందు వాక్యం చెప్పడం నేర్పేవాడు కాదు, ఇల్లిల్లూ తిప్పేవాడు. ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు, ఏ ఇల్లాలు మొగుడితో మాట్లాడటం మానేసింది, ఇవన్నీ తెలియనివాడు ప్రసంగానికి లేవకూడదని ఆయన పట్టుదల. "ప్రసంగం వారానికి ఒగ తూరేరా, ఆకలి దినామూ వస్తాది" అని వాళ్లను గదమాయించేవాడు.

వానలు లేని ఏడు వచ్చింది. రెడ్ల పొలాలు బీడు పడ్డాయి, మా పెద్దవాళ్లకు కూలి పోయింది. మా నాయన పని వెతుక్కుంటూ ఆవడికి పోయాడు. అక్కణ్నుంచి మాటా లేదు, మనిషీ లేడు. ఆకలి రుచి ఎరగదంటారు. రుచి చూడ్డానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా.

అప్పుడు తాతయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. పెద్ద మట్టికుండ మూతికి గుడ్డ కట్టి, చెయ్యి దూరేంత సందు వదిలాడు. తన ఇంటి రాగుల్లో సగం అందులో పోసి, శిష్యుడి నెత్తిన పెట్టి ఇంటింటికీ పంపాడు. ప్రతి ఇంటివాళ్లూ లోపల చెయ్యి పెట్టాలి. ఉన్నవాళ్లు పిడికెడు వేయాలి, లేనివాళ్లు పిడికెడు తీసుకోవాలి. ఎవరు వేశారో ఎవరు తీసుకున్నారో మోసేవాడు కూడా చూడకూడదు, అడగకూడదు. తీసుకునేవాళ్లు తల వంచుకోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. పేటంతా ఆయన తెలివికి మురిసిపోయింది. ఇప్పటికీ అది మంచి ఉపాయమేనని చెప్పక తప్పదు, అదే నాకు కోపం.

కుండ మోసింది తిరువళ్లూరు వైపు నుంచి వచ్చిన ఒక అన్న. మెత్తని మనిషి. మా అమ్మను అక్కా అనేవాడు. అప్పటికి మా తమ్ముడు పాకుతున్నాడు. బాప్తిస్మం కాలేదు కాబట్టి పేరు కూడా పెట్టలేదు, బుజ్జోడు అని పిలిచేవాళ్లం. ఆ అన్న పాట ఎత్తుకుంటే చాలు, వాడు ఏడుపు ఆపేసేవాడు.

వారం వారం చర్చి దగ్గర మొదలైన కుండ వరసగా అన్ని గడపలూ తొక్కి మా ఇంటికి వచ్చేది. మాది కలబంద కంచె దగ్గర, పేటకంతా కడపటి ఇల్లు. అమ్మ లోపలికి చెయ్యి పెట్టి, పిడికిలి మూసి బయటికి తీసి, "దేవుడు నిన్ను సల్లగా చూడనీ అబ్బోడా" అని ఇంట్లోకి వచ్చేది. మేము చుట్టూ మూగేవాళ్లం. ఆమె పిడికిలి విప్పితే ఏమీ ఉండేది కాదు. మొదట్లో నాలుగు గింజలైనా అంటుకుని వచ్చేవి, తర్వాత అవీ లేవు. మట్టికుండే బరువు కనుక, అందులో గింజలున్నాయో లేవో మోసేవాడికి అంతుపట్టదు. చర్చికి చేరాక గుడ్డ విప్పి ఖాళీ కుండను చూసి, గింజలన్నీ ఆకలిగొన్నవాళ్లకే చేరాయని తాతయ్య సంతోషించేవాడు.

ఆ అన్నతో చెప్పవచ్చు కదా అని నేను ఒకరోజు అమ్మను అడిగాను. ఆమె గొంతు తగ్గించి, "చెప్తే ముందరింటోళ్లు ఎక్కువ తీసుకున్నారని రచ్చ అవుతాది. వాళ్లకీ బిడ్డలుండారు కదమ్మా" అంది. చెయ్యి చాచడం మా అమ్మకు చేతకాదు. ఆ మంచితనాన్ని నేను ఎంత ప్రేమించానో అంత తిట్టుకున్నాను.

అమ్మకు పాలు ఎండిపోయాయి. బుజ్జోడు పాకడం మానేశాడు, తర్వాత ఏడవడం మానేశాడు. ఒక మధ్యాహ్నం అమ్మ ఒళ్లోనే పోయాడు. ఆ అన్నే గుంత తవ్వాడు. తాతయ్య ప్రార్థన చేసి, మాతోపాటు ఇంటికి వచ్చి, పొయ్యి వైపు చూసి అలాగే నిలబడిపోయాడు. పొయ్యిలో బూడిద గట్టిపడి ఉంది.

"కుండ మీ ఇంటికి రాలేదామ్మా?" అని అడిగాడు.

"వచ్చినాదయ్యా. దాంట్లో ఏమీ మిగల్లేదు."

"ఒగ మాట చెప్పుంటే..."

"ఏమని చెప్పేది ఉపదేశయ్యా. ఎవురు తీసుకున్నారో ఎవురికీ తెలియగూడదని మీరే కదా చెప్పినారు."

అమ్మ నిష్ఠూరంగా అనలేదు, అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. తాతయ్య మా మట్టినేల మీద కూలబడ్డాడు. అన్నిళ్లూ తిరిగిన ఆ అన్న గుమ్మం బయటే గోడకు ముఖం పెట్టి నిలుచున్నాడు. కొన్నాళ్లకు ఆ అన్న సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఉపదేశి కాలేదనీ, ఎక్కడో కూలిపని చేసుకుంటున్నాడనీ విన్నాం.

మరుసటి వారం తాతయ్య కుండకు గుడ్డ తీసేశాడు. తానే నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు మా ఇంటికి వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అమ్మ ఆ రాగులు తీసుకుని, సంగటి చేసి మాకు పెట్టింది. తాను ముట్టలేదు.

ఆ తర్వాత ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి పాఠం అదే అయింది. ఏ ఊరికి పోయినా కడపటి ఇంటి నుంచి మొదలుపెట్టు, ఆకలిని కంటితో చూడు. ఆ పాఠం ఆయన శిష్యుల నుంచి వాళ్ల శిష్యులకు పోయింది. దానివల్ల ఎన్నో గడపలకు గింజ చేరిందంటారు, కాదనను. పెద్దయ్యాక నేనూ సంఘాల్లో పనిచేసే ఆడపిల్లలకు ఏళ్లతరబడి అదే నేర్పాను. తిరువళ్లూరులో ఒక ప్రార్థన కూటంలో ఎవరో పడుచు పాస్టరు ఈ కథ చెప్పాడు. అతని కథలో మా అమ్మ "ఒక పేదరాలు", బుజ్జోడు "ఒక బిడ్డ". అందరూ తలలూపారు, కొందరు రాసుకున్నారు. నా పక్కన కూర్చున్న అమ్మ లేచి బయటికి పోయింది. నేను వెంట వెళ్లాను.

ఇప్పుడు అమ్మ కూడా లేదు. ఏ బంతిలో వడ్డించినా నా కాళ్లు వాటంతటవే కొసన కూర్చున్నవాళ్ల దగ్గరికి ముందు పోతాయి. ఆ పాఠం నాకు అంతగా ఒంటబట్టింది. బుజ్జోడి ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తుకు రావడం లేదు.