గుంట కోసం నేను చూపించిన చోటు

ఈ రోజు చేవెళ్ల దగ్గర ఒక తండాలో ఆడవాళ్లకు కంపోస్టు చేయడం నేర్పడానికి వెళ్లాను. ఎరువు తయారైతే మొయినాబాద్ ఫాంహౌస్‌ల వాళ్లు బస్తాలకు బస్తాలు కొంటారని చెబితే అందరూ హుషారుగా తలూపారు. గుంటలో వేసిన ఆకూ అలమూ అంతా మూడు నెలల్లో మట్టైపోతుందని ఎప్పటిలాగే చెప్పాను.

గుంటకు చోటు కూడా నేనే చూపించాను. వేపచెట్టు నీడ, మెత్తటి నేల. ఒక్కరూ పార ఎత్తలేదు. మొహమాటమేమో అనుకుని నేనే రెండు పారల మట్టి తీశాను.

సోనీబాయి అనే ముసలమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆడ వద్దు బిడ్డా. తండల సచ్చిపోయిన పసిపిల్లలను ఆడనే పెడ్తం. నా పిల్ల గూడ ఆడనే ఉన్నది."

"ఎన్నేళ్లయింది అవ్వా?"

"ముప్పై ఏండ్లు దాటింది. మూడు నెలలల్ల అంత మట్టి అయితదంటివి గదా, మరి దాని ఏడుపు నాకు ఇంక ఎట్ల ఇనబడ్తది?"

తీసిన మట్టిని చేత్తోనే కప్పేశాను. గుంట దూరంగా, ఎండలో తవ్వుకున్నాం.

చోటు ఎంచడానికి నా దగ్గరొక ఫారం ఉంది. నీడ ఉందా, నీళ్లు నిలుస్తాయా అని అడుగుతుంది. అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడగదు.

ఇంటికొచ్చి రెండుసార్లు చేతులు కడుక్కున్నా గోళ్లలో మట్టి పోలేదు. ఎల్లుండి షాబాద్‌లో ఇదే క్లాసు. ఆ మూడు నెలల మాట అనకుండా ఎలా మొదలుపెట్టాలో మీకు తోస్తే చెప్పండి.