మా బావకు నచ్చిన సినిమా

మా బావ, అంటే మా అక్క భర్త, మొన్న ఆదివారం పొద్దున జహీరాబాద్ దవాఖానలో పోయాడు. ఛాతీలో నొప్పి అంటూ నడిచి లోపలికి వెళ్లినవాడు మళ్లీ బయటికి రాలేదు.

ఆయన మోటార్లు బాగుచేసే దుకాణం మీలో చాలామందికి తెలుసు. కొత్త సినిమా పడితే మొదటి ఆట చూసొచ్చి, దుకాణం ముందు నిలబడి తీర్పు చెప్పేవాడు. "దండుగ" అంటే జనం ఆగిపోయేవాళ్లు. "పోండ్రి, పోరగాండ్లను గుడ తీస్కపోండ్రి" అంటే కోహీర్ నుంచి కూడా బండ్లేసుకుని వచ్చేవాళ్లు.

నేను బడి ఏడో తరగతిలో మానేశాను, ఎగతాళి మాత్రం మానలేదు. పెళ్లిలో వరుడి చెప్పులు దాచడం ఆడపెళ్లివాళ్ల హక్కు కదా. పందిట్లో మొదలుపెట్టినవాణ్ని ఏళ్ల తరబడి దాస్తూనే ఉన్నాను. ఆయన కోప్పడేవాడు కాదు. "మీ అక్కనే ఇచ్చిన్రు, చెప్పులు వోతే ఏమాయెరా" అనేవాడు.

నిరుడు ఒక సినిమా వచ్చింది. హీరో కళ్లు మూసుకుంటే ఇక్కడ మాయమై ఇంకో ఊళ్లో తేలతాడు, అక్కడివాళ్లను చితకబాదుతాడు. చెప్పులు మాత్రం మాయమైన చోటే ఉండిపోతాయి. ఫోన్లలో సమీక్షలు చెప్పేవాళ్లు ఉతికి ఆరేశారు. "మనిషి పోతాడట, ప్యాంటు పోతుందట, చెప్పులు పోవట!" పేపర్లవాళ్లూ అదే మాట రాశారు.

మా బావ ఒక్కడే, "మంచిగున్నది" అన్నాడు.

"ఏం మంచిగున్నదే?" అని అడిగారు దుకాణం ముందున్నవాళ్లు.

"వాడు ఏడికి వోయిండో తెల్వక, వాని పెండ్లాం ఆ చెప్పుల కాడ కూసుంటది సూడు. నాకైతే గొంతు వట్టుకున్నది."

నేను ఊరుకోవలసింది. ఆయన చెప్పులు చంకలో పెట్టుకుని, ఆయన గొంతుతోనే "గొంతు వట్టుకున్నదీ" అని ఏడుస్తూ దుకాణం ముందు తిరిగాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఆ తర్వాత ఎవరు ఏ సినిమా గురించి అడిగినా, "నాకేమెర్క, ఫోన్ల సూస్కోండ్రి" అనేవాడు. నేనూ అడిగాను.

"నువ్వే చెప్పు బామ్మర్దీ. నీ మాటంటే నవ్వుతరు."

రాయడానికే సిగ్గుగా ఉంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

దహనం అయ్యి ఇంటికొచ్చాక, మా అక్క గుమ్మం దగ్గర వంగి వెతుకుతోంది.

"తమ్మీ, బావ చెప్పులు ఏడ దాసినవ్? ఇయ్యాల గుడానా? ఇచ్చెయ్ రా."

"నేను దాయలేదక్కా. ఒట్టు."

నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది?

దవాఖానకు పోయాను. వార్డు తలుపు బయట, ఎవరెవరివో చెప్పుల మధ్య, ఆయనవి కనిపించాయి. మడమల దగ్గర అరిగిపోయి, లోపలికి పోతున్నట్టే తలుపు వైపు తిరిగి ఉన్నాయి. తీసుకుందామని వంగాను. ఇన్నిసార్లు ఎత్తుకుపోయిన చెప్పులే, చెయ్యి రాలేదు. వాటి పక్కన నేల మీద కూర్చుండిపోయాను.