పచ్చగడ్డి తీసిన పరువు

కట్టుకున్న భార్యను ఊరందరి ముందు పాలలో నీళ్ళు కలిపే మనిషిగా నిలబెట్టిన మొగుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఆ ఘోరం నేను పగతో చేయలేదు, పాండిత్యంతో చేశాను.

మాది చిల్లకల్లు పక్క పల్లె. మా ఆవిడ సుభద్ర గేదె పాలకు ఊళ్ళో గొప్ప పేరు. తోడేస్తే గిన్నె బోర్లించినా పెరుగు జారేది కాదు. నందిగామలో ఎరువుల కొట్టు ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన నేను ఊరికే కూర్చోలేక ఫోనులో పశుపోషణ చదివాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పశుపోషకుడు గడ్డివామును ఎరగడు.

బోరు కింద ఉన్న పొలం చెక్కలో పచ్చిక పెంచి, స్ప్రింక్లర్లు పెట్టి, గడ్డి జానెడు లేవగానే గేదెను అందులోకి తోలాను. ఎండుగడ్డి పూర్తిగా మాన్పించాను.

"వరిగడ్డి వేయలేదేంటండీ?" అంది సుభద్ర.

"అందులో ఏముంది, చీపురు నమిలినట్టు. లేతగడ్డి అంటే నిండా ప్రోటీనే."

"పేడ చూశారా? చారులా పడతా ఉంది."

"అది అరుగుదల," అన్నాను, పేడకు కూడా సర్టిఫికెట్ ఇస్తూ.

పాలు కాస్త పెరిగాయి కూడా. నేను మీసం దువ్వాను. కొన్నాళ్ళకే పాలకేంద్రంలో పాలు పోయించుకునే మస్తాన్ వెన్నశాతం చూపే మిషను వంక చూసి తల గోక్కున్నాడు.

"వెన్న బాగా పడిపోయిందక్కా. నువ్వట్టాంటిదానివి కాదు గానీ..."

ఆ 'గానీ' దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. సుభద్ర ఇంటికొచ్చి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే గేదెను, దూడను పాలకేంద్రానికే తోలుకెళ్ళింది. వెనకాల నేను, నేరస్థుడి తరఫు చుట్టంలా.

"ఇక్కడే పిండుతా తమ్ముడూ. అందరూ చూడండి."

చెంబు బోర్లించి చూపించి మరీ పిండింది. మస్తాన్ ఆ పాలు మిషనులో పోశాడు. మళ్ళీ అదే వెన్న.

"అయితే గేదే కలుపుతోందన్నమాట," అంది వెనక నుంచి ఓ ముసలమ్మ.

టీకాలేయడానికి జగ్గయ్యపేట నుంచి వచ్చిన పశువుల డాక్టరు ఆ గుంపు చూసి ఆగాడు. "ఏం మేపుతున్నారమ్మా?" అన్నాడు. సుభద్ర నా వైపు చెయ్యి చూపించింది. నేను గొంతు సవరించుకుని ప్రోటీను మీద ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"లేతగడ్డి బలమైందేనండి. కానీ ఒట్టి అదే పెడితే పీచు చాలదు. పీచు లేకపోతే నెమరు తగ్గుద్ది, నెమరు తగ్గితే పాలల్లో వెన్న తగ్గుద్ది. ఎండుగడ్డి ఎందుకు మాన్పించారు?"

సుభద్ర మస్తాన్ వైపు తిరిగింది.

"విన్నావుగా తమ్ముడూ. నీళ్ళు కలిపింది నేనూ కాదు, గేదె కూడా కాదు. ఈయన. స్ప్రింక్లరు పెట్టి మరీ కలిపాడు."

గడ్డివాము విప్పాక వెన్న కోలుకుంది. నా పరువుకే ఇంతవరకు మేత దొరకలేదు. అందుచేత ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ పశువుకూ దాని భోజనం గురించి పాఠం చెప్పను. చెప్పి తీరాలనిపిస్తే, ముందు నేను ఓ పూట కూర్చుని నెమరేస్తాను.