నేను రాసుకున్న కోమా

ఆ రోజుల్లో మా సీరియల్లో ఎవరికి సెలవు కావాలన్నా అది కథలోంచే రావాలి. అత్తగారికి మోకాలి ఆపరేషనైతే కథలో ఆవిణ్ణి కాశీకి పంపేవాళ్ళు, ఆడపడుచుకి పెళ్ళి కుదిరితే హాస్టల్లో చేర్చేవాళ్ళు. (మామగారు తీర్థయాత్రకని వెళ్ళి ఇప్పటిదాకా తిరిగి రాలేదు. పాపం, ఆయన్ని ఎవరూ వెతకనూ లేదు.) నేను హైదరాబాదులో ఆ ఇంటి చిన్నకోడలి వేషం వేస్తూ, రచయితగారికి సాయంగా అప్పుడప్పుడూ సీన్లు రాసిపెట్టేదాన్ని. అందరికంటే నేనే రెండాకులు ఎక్కువ చదివానని గట్టి నమ్మకం.

అలాంటప్పుడు మైపాడు దగ్గర మా ఊరినుంచి అమ్మ ఫోన్ చేసింది. నాయన రొయ్యల గుంట గట్టుమీద కూలబడ్డాడట. గుండె బాగా నీరసించిందని చెప్పి నెల్లూరు డాక్టర్లు ఇంటికి పంపేశారట. పది రోజులన్నా ఆయన దగ్గర ఉండాలనిపించింది. కానీ చిన్నకోడల్ని పుట్టింటికి పంపితే జనం మరిచిపోతారు, నా వేషం ఊడుతుంది. అందుకని ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఆ కోడలు మెట్లమీంచి జారి కోమాలోకి వెళ్ళినట్టు రాసేశాను. ఇంటిల్లిపాదీ నాకోసం ఏడుస్తుంటారు, నేను హాయిగా నాయన పక్కన కూర్చుంటాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డైరెక్టరుగారు చదివి కళ్ళు తుడుచుకున్నారు. "చాలా బాగుందమ్మా. రోజూ నీ మొహం మీద క్లోజప్ పెడదాం. నువ్వెక్కడికీ కదలొద్దు" అన్నారు. కోమాలో ఉన్న మనిషి మంచం మీద కనబడాలన్న సంగతి ఇంత రచయిత్రికీ తట్టలేదు. పదకొండు రోజులు ముక్కులో గొట్టంతో పడుకున్నాను. అందరూ వంతులవారీగా వచ్చి నామీద పడి ఏడ్చారు. చివరి రోజు షాట్ మధ్యలో నాకు నిజంగానే కన్నీళ్ళొస్తే, బాగుందని దాన్నీ ఉంచేశారు. ఆ పొద్దున అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"మీ నాయన గంజి కూడా తాగడంలా. టీవీలో నువ్వట్టా మంచంలో పడుంటే ఆయనకి గొంతు దిగడంలా."

"అది నాటకమని చెప్పమ్మా."

"చెప్పినాను. ఆయనకి తెలవదా ఏంది? తెలిసీ తాగడంలా."

ఆ సాయంత్రమే గొట్టం పీకేసి, ఎవర్నీ అడక్కుండా బస్సెక్కాను. ఇంటికి చేరేసరికి నాయన మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. నా ముక్కు తడిమి చూశాడు.

"లేచినావా పాపా? గొట్టం తీసేసినారా? నొప్పి చేసిందా?"

"లేదు నాయనా" అన్నాను. తర్వాత మూడు రోజులే ఉన్నాడు.

కర్మకాండలయ్యాక భయంభయంగా సెట్‌కి వెళ్ళాను. నేను లేనన్నాళ్ళూ ఖాళీ మంచం చూపించి, స్కానింగుకు తీసుకెళ్ళారని ఒక్క డైలాగుతో సరిపెట్టారట. డైరెక్టరుగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నాన్నగారికి బాలేదని ఆ రోజే ఒక్క మాట చెప్పుంటే పంపించేవాణ్ణి కదమ్మా" అన్నారు.

ఇప్పుడు నా పేరుమీద రెండు కథల పుస్తకాలున్నాయి. ఆ చిన్నకోడలు గుర్తొస్తే మునుపటంత కోపం రావడంలేదు, కాస్త నవ్వొస్తుంది. అన్ని కథలు అల్లగలిగిన పిల్లకి, మా నాయనకి బాగాలేదు, ఊరికి వెళ్ళాలి అని చెప్పడం చేతకాలేదు.