రెండిళ్లలో సమానంగా

నేను తాగుబోతుననే సంగతి చాలా ఏళ్లు నాకు తప్ప అందరికీ తెలుసు. నేనేమో ఉద్యోగం చేస్తున్నాననుకున్నాను. జమ్మలమడుగు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీకి జనరల్ మేనేజర్ని. సున్నపురాయి తోలే లారీల్లో సగం ఒక పార్టీ నాయకుడివి, సగం ఎదుటి పార్టీ నాయకుడివి. వయసును బట్టి వాళ్లను పెద్దాయన, చిన్నాయన అందాం. ఒకరి వీధిలోకి ఇంకొకరు అడుగుపెట్టని రోజులవి. ఏ పంచాయితీ వచ్చినా నేను ఇద్దరిళ్లకూ పోవాలి. పోతే గ్లాసు ముట్టాలి. ముడితే సమానంగా ముట్టాలి.

"ఏంది సారూ, ఆ యప్ప ఇంట్లో రెండు తాగి మా ఇంట్లో ఒగదానికే లేస్తాండారే? మేమేమన్నా తక్కువోళ్లమా?" అనేవాడు చిన్నాయన.

మళ్లీ కూర్చునేవాణ్ణి. మధ్యస్థుడిగా మొదలై అలా మద్యస్థుణ్ణయ్యాను. కొన్నాళ్లకు ఏ తగాదా లేకపోయినా నేనే ఒకటి వెతుక్కునేవాణ్ణి. లారీ టైరు పంక్చరైందంటే చాలు, రాజీ మాట్లాడటానికి బయల్దేరేవాణ్ణి.

ప్రొద్దుటూరు డాక్టరు నా రిపోర్టులు చూసి, "మీ ఉద్యోగం మీ కాలేయం ఇంక చెయ్యలేదు సార్. ఇప్పుడు ఆపకపోతే బతకరు" అన్నాడు. బెంగళూరు దగ్గర పెద్ద ఉద్యోగస్థులు చేరే చికిత్సా కేంద్రానికి మా ఆవిడే ఫోను చేసి మంచం మాట్లాడింది. ఆ మాట బయటికి చెప్పడానికి నాకు సిగ్గు. బ్రహ్మంగారిమఠంలో దీక్షకు పోతున్నానని ఆఫీసులో చెప్పాను. పులివెందులలో తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబంలో పుట్టినవాణ్ణి! నా తెలివి ఆ పాటిది.

అక్కడ బ్యాంకు పెద్దలు, మిల్లు యజమానులు ఉన్నారు. మొదటిరోజే విజిటింగ్ కార్డులు ఇచ్చిపుచ్చుకున్నాం. గిన్నెలు కడిగే వంతు వస్తే మీటింగు పెట్టి, బాధ్యతలు పంచి, గిన్నెలు అక్కడే వదిలేసి లేచాం. కౌన్సెలరమ్మ నవ్వి, మళ్లీ మా ముందే పెట్టించింది. మాలో ఎవరికీ తాగుడు లేదు, అందరికీ 'ఒత్తిడే'. ఒకనాడు బ్యాంకాయన గిన్నె తోముతూ తల ఎత్తకుండా, "నేను తాగుబోతుని" అన్నాడు. "నేనూ" అన్నాను. ఆయన రుణం తీర్చుకోలేనిది.

ఇక్కడ ఊళ్లో నా దీక్షను ఎవరూ నమ్మలేదు. నన్ను ఎదుటివాళ్లు ఎత్తుకుపోయారని రెండు పార్టీలూ అనుకున్నాయి. లారీలు ఆగాయి. పెద్దాయన మనుషులు మా ఇంటి గేటు ముందు దిగారు.

"సారును ఆ యప్ప యాడ దాచినాడమ్మా?"

"ఎవురూ దాచలేదు. తాగి తాగి సచ్చేట్టుంటే ఆసుపత్రికి పంపినా. సగం మీరు పోసిందే, సగం ఆ యప్ప పోసిందే. వచ్చినాక మళ్లా ఒగ సుక్క పోసినారంటే మీ గడపలో వచ్చి కూసుంటానని మీ యప్పతో చెప్పండి" అంది మా ఆవిడ. అంతటితో ఆగక, అదే మాట చెప్పడానికి చిన్నాయన ఇంటికి తనే నడిచిపోయింది.

తిరిగొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం నా కాళ్లు ప్రొద్దుటూరులో ఒక బ్రాందీషాపు ముందు ఆగాయి.

"మీకిస్తే పెద్దాయన ఊరుకోడు సారూ" అన్నాడు షాపతను.

పక్క షాపుకు పోయాను. "చిన్నాయన మనుషులు చెప్పిపోయినారు. ఇంటికి పోండి సారూ" అన్నాడు అక్కడివాడు.

దేనికీ కలవని ఇద్దరు నా నోరు కట్టడానికి కలిశారు. ఆ సాయంత్రం చెరుకురసం తాగి ఇల్లు చేరాను. ఇప్పటికీ చెరుకుబండి కనిపిస్తే నాకు ఆ ఇద్దరే గుర్తొస్తారు, మనసులోనే దండం పెట్టుకుంటాను.

అయినా చిన్న కసి మిగిలింది. ఆ ఏడాది లారీల బాడుగ మాట్లాడటానికి ఇద్దరినీ వేరువేరుగా మా ఇంటికే పిలిచాను. ఉదయం పెద్దాయన వచ్చి వెళ్లాడు. సాయంత్రం చిన్నాయన వచ్చాడు. నేను రోజూ తాగే కాకరకాయ రసం ఆయన ముందూ పెట్టాను. ఒక గ్లాసు ఎట్లాగో మింగి, మొహం ముడుచుకుని లేవబోయాడు.

"ఏందప్పా, పొద్దున పెద్దాయన రెండు తాగిపోయినాడు. మా ఇంట్లో మీరు ఒగదానికే లేస్తాండారే?" అన్నాను.

చిన్నాయన నన్నూ గ్లాసునూ మార్చి మార్చి చూశాడు. మళ్లీ కూర్చుని గ్లాసు చాపాడు.

పెద్దాయన తాగింది నిజానికి అర గ్లాసే.