పట్టా మీద పసుపు

కాలేజీ లోగో అంటే నలుగురు టీ తాగుతూ తేల్చేసే బొమ్మ అనుకునేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ బొమ్మ కోసం నేను మూడు క్యాంపస్‌ల వాళ్ళతో నెలల తరబడి తగువులాడాను.

హైదరాబాదులో డిజైన్ పాఠాలు చెప్పుకునేదాన్ని, తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్ళలో డర్బన్ చేరాను. తెల్లవాళ్ళకొకటి, ఇండియన్లకొకటి, నల్లవాళ్ళకొకటిగా ఉన్న మూడు కాలేజీలను అప్పుడే కలిపి ఒకటి చేశారు. కలిసింది కాగితం మీదే. నగరంలో ఉన్న తెల్లవాళ్ళ క్యాంపస్ తన సింహాన్నీ, ఇండియన్లుండే చాట్స్‌వర్త్ క్యాంపస్ తన దీపాన్నీ, నల్లవాళ్ళ టౌన్‌షిప్‌లో ఉన్నది తన డాలునీ అచ్చేసుకుంటూనే ఉన్నాయి. ఇక ముందు అందరికీ ఒకే గుర్తు, ఒకే రంగు, ఒకే రకం అక్షరాలు ఉండేలా రూల్సు రాయమని ప్రిన్సిపాల్ నాకు అప్పగించాడు.

మొదటి మీటింగుకి టౌన్‌షిప్ విద్యార్థుల తరఫున ఒక పొడుగాటి జులూ అమ్మాయి వచ్చింది. సెక్రటేరియల్ కోర్సు చివరి ఏడు. సింహమా, దీపమా అని పెద్దలంతా గొంతులు చించుకుంటుంటే, ఆమె తన అక్క డిప్లొమా పట్టా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది పట్టుకుని మా అక్క ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. పైన డాలు కనపడగానే పక్కన పడేస్తారు. నా మొహం నేనెలాగూ దాచను. కానీ నా చదువు తక్కువదని చెప్పే గుర్తు నా పట్టా మీద ఉండటానికి వీల్లేదు."

ఆ పూటే ఇంటికెళ్ళి మొదటి రూలు రాశాను. పట్టా మీద కొత్త గుర్తు తప్ప మరే గుర్తూ ఉండకూడదు, దాని చుట్టూ ఖాళీ జాగా వదలాలి, క్యాంపస్ పేరు ఎక్కడా రాకూడదు.

నగరం క్యాంపస్ పెద్దాయన నన్ను వదిలిపెట్టలేదు. "ఓ మూలన గోరంత సింహం పెడితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

"గోరంత కాదు, వెంట్రుకవాసి కూడా కుదరదు" అన్నాను. ఆ రోజు నుంచి నన్ను పోలీసు అని పిలిచేవారట. పిలుచుకోనీ.

పట్టాలు ఒకేలా అచ్చయ్యాయి. పేర్లు సరిచూసి తిరిగి పంపమని ఏ క్యాంపస్‌వి ఆ క్యాంపస్‌కి పంపాను. చాట్స్‌వర్త్ పరీక్షల ఆఫీసులో పెద్ద గుమస్తా ఒకావిడ ఉండేది. నేను అక్కా అనేదాన్ని. చెరుకు తోటల్లో పనికొచ్చిన కోస్తా వాళ్ళ మునిమనవరాలు. వాళ్ళ అమ్మమ్మ దగ్గర మిగిలిన తెలుగుముక్కలన్నీ నాతోనే వాడుకునేది. ఊళ్ళో నాకు అన్నం పెట్టిన మొదటి ఇల్లు ఆమెదే.

ఆమె పంపిన కట్ట విప్పి చూద్దును కదా, ప్రతి పట్టాకీ నాలుగు మూలలా పసుపు! పెళ్ళి శుభలేఖకి పెట్టినట్టు, వేలితో, ముద్దుగా. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. ఇప్పుడా కట్టలోంచి ఏ పట్టా తీసినా ఇది ఇండియన్ క్యాంపస్‌ది అని గుడ్డివాడు కూడా చెప్పేస్తాడు.

ప్రిన్సిపాల్ తేలిగ్గా తీసుకున్నాడు. "కాస్త పసుపేగా, వదిలెయ్."

"నగరం క్యాంపస్ పెద్దాయన సింహాన్ని వద్దని మావాళ్ళ పసుపుని ఉంచితే, రేపు నా మొహాన ఉమ్మేస్తారు. మళ్ళీ అచ్చేయించాల్సిందే" అన్నాను.

టాక్సీ పట్టుకుని చాట్స్‌వర్త్ వెళ్ళాను. కట్ట బల్ల మీద పెట్టగానే అక్క మొహం వెలిగిపోయింది.

"బాగుండాదా అమ్మీ? సుబం పేపరు గదా. బ్లెస్సింగ్ లేకుండా ఎట్టా పంపేది?"

"అక్కా, ఇవి పనికిరావు."

"ఐతే అందరి పేపర్లకీ పెట్టేస్తా. తెల్లోళ్ళకీ, జులూ పిల్లకాయలకీ. అన్నీ ఒకటే ఐపోవా?"

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం టెంప్టయ్యాను. కానీ పసుపు తెలియనివాడికి అది మరకే. ఆ మాటే మెల్లగా చెప్పాను.

"మరకా?" అక్క కట్టని తన వైపు లాక్కోబోయింది. "మా అమ్మమ్మ ఇస్కూల్ మొగం సూళ్ళేదు. కేన్ తోటల్లో చెరుకు కొట్టీ కొట్టీ సచ్చిపోయింది. ఆమె పిల్లకాయలకి డిప్లొమా వస్తే, నేను పెట్టిన పసుపు మరకా అమ్మీ?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తల్లి మనసు నొప్పించినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. అయినా కట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ పొడుగాటి జులూ అమ్మాయి వాళ్ళక్క కథంతా చెప్పాను. అక్క గాజులు తిప్పుకుంటూ అడిగింది.

"ఆ పిల్ల పేపరూ, మన పిల్లల పేపరూ అచ్చం ఒకటే ఉంటాదా?"

"అచ్చం ఒకటే."

"తీస్కపో ఐతే. ఫాస్ట్‌గా పో."

పక్క ఊళ్ళో, రైస్‌థార్ప్‌లో ఉన్న ప్రెస్సువాడు సణుగుతూనే మళ్ళీ అచ్చేశాడు. గుర్తుకి వేసే నీలం రంగులో తేడా రాకుండా నేను మిషను పక్కనే నిలబడి కాపలా కాశాను. పట్టాల పండగ నాడు మూడు క్యాంపస్‌ల పిల్లలూ ఒకే కాగితం అందుకున్నారు.

కొన్ని వారాలకి పొడుగమ్మాయి ఎరువు తెచ్చుకున్న కోటుతో నా గదిలోకి వచ్చింది. హార్బరు దగ్గర ఓ షిప్పింగ్ ఆఫీసులో ఇంటర్వ్యూ నుంచి నేరుగా వస్తోంది.

"పట్టా అటూ ఇటూ తిప్పాడు మేడమ్. తిప్పి తిప్పి, ‘ఏ క్యాంపస్?’ అన్నాడు."

మనిషి నోటికి నేనేం రూలు రాయగలను?

"ఏమన్నావు?"

"కాలేజీ పేరు చెప్పాను. ‘అది తెలుసు, ఏ క్యాంపస్?’ అన్నాడు. మళ్ళీ కాలేజీ పేరే చెప్పాను."

"తర్వాత?"

"నేను ఇంకేం చెప్పనని అర్థమైంది. టైపు కొట్టి చూపించమన్నాడు. సోమవారం నుంచి పనిలోకి."