వాషింగ్టన్ మూసేస్తే మేం పులావ్ ఉబిన్ చూశాం

ఈ ప్రయాణం నేను కోరుకుని చేసింది కాదు. 2013 అక్టోబరు. ఎవరిని కదిపినా ఐటీ ఉద్యోగం అనే రోజులు. సింగపూర్‌లో మా చిన్న కంపెనీ అమెరికా ప్రభుత్వ శాఖ ఒకదానికి సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేది. అక్కడ ఖర్చుల బిల్లు మీద రెండు పార్టీలకూ పొసగక ప్రభుత్వమే మూతపడింది. పని ఆపమని మాకు మెయిల్ వచ్చింది. మూత తీసేదాకా రోజుకొక సెలవు చొప్పున మా ఖాతాలోంచే కోస్తామని, అవి అయిపోతే జీతం లేని సెలవేనని మావాళ్ళు చెప్పారు. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరగడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ సెలవులు నేను ఏప్రిల్ నుంచి ఒక్కటీ వాడకుండా దాచుకున్నవి. నెల్లూరులో మా చెల్లెలు రాధికకు జనవరి మధ్యలో తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింటి బాధ్యత, మాకేమో అమ్మ లేదు. ఆసుపత్రిలో పక్కన అక్కగా నేనుంటానని మాటిచ్చాను. షట్‌డౌన్ రెండు వారాలు దాటేసరికి, ఈ ప్రయాణం రోజుది కూడా పోగా, నా ఖాతాలో రెండు రోజులే మిగిలాయి. కొత్త సెలవులు మళ్ళీ ఏప్రిల్‌కి గానీ రావు. కోపం మొదటి వారంలోనే అయిపోయింది, ఇప్పుడు మిగిలింది నీరసం.

సెంగ్‌కాంగ్‌లో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉండే స్వప్నక్కది వరంగల్. మా టీమే, కాబట్టి ఆమెదీ ఇదే బతుకు. ఆ రోజు పొద్దున్నే నేను టీవీలో అమెరికా వార్తల ముందు కూలబడితే రిమోట్ లాక్కుంది. “నువ్వు చూస్తే వాళ్ళు ఒప్పుకుంటరా ఏంది? లీవు ఎట్లాగు పోతున్నది. పా, యాడికన్న పోయొద్దం.”

అలా ఏడున్నరకు బయలుదేరాం. టాంపినీస్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి చాంగీ విలేజ్‌కి 29 నంబరు. అన్నీ కలిపి గంటన్నర పట్టింది. హాకర్ సెంటర్లో స్వప్నక్క టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ‘చోప్’ చేసి చోటు పట్టి ఉంచితే నేను లైన్లో నిలబడి నాసి లెమాక్ తెచ్చాను. కొబ్బరిపాల అన్నం, కారంగా సంబల్, వేగిన చిన్న చేపలు. వారం మధ్యలో ఇంత తీరిగ్గా టిఫిన్ చేసి ఎన్నాళ్ళయిందో. అయినా ప్రతి ముద్దకీ సెలవు తింటున్నట్టే అనిపించింది.

రేవులో పులావ్ ఉబిన్ దీవికి పోయే పడవకి మనిషికి రెండున్నర డాలర్లు. పన్నెండు మంది చేరితేగానీ కదలదు. మామూలు రోజు కావడంతో మేం పోయేసరికి ముగ్గురే ఉన్నారు. ఖాళీ సీట్ల డబ్బు కూడా మీరే ఇస్తే ఇప్పుడే పోదాం అన్నాడు పడవ అంకుల్. మాకు తొందరేముంది, కూర్చున్నాం. పడవ ఎక్కాక దాటడం పది నిమిషాలే. దీవిలో సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం. గేర్లున్నది ఎనిమిది డాలర్లు, లేనిది ఐదు. ఎత్తుపల్లాల దారి, ఐదు డాలర్లదానితో నా మోకాళ్ళు అరిగాయి.

చెక్ జావా తీరానికి పోయే దారిలో ఒక మలయ్ పెద్దాయన కొబ్బరిబోండాలు అమ్ముతున్నాడు. ఇవాళ ఆఫీసు లేదా అని అడిగాడు. అమెరికా ప్రభుత్వాన్ని మూసేశారు కాబట్టి లేదన్నాను. కొట్టబోయిన కత్తి ఆపి నన్ను చూశాడు.

“గవర్నమెంట్ ఆల్సో కెన్ క్లోజ్, ఆ?”

కెన్, అంకుల్, అన్నాను. మరి మూసింది అక్కడైతే సెలవు నీదెందుకు పోవాలి అని అడిగాడు. నేను బోండాం తాగేశాను.

అక్కడి అర్ధరాత్రి మాకు మిట్టమధ్యాహ్నం. పన్నెండు దాటాక, చెక్ జావా చెక్కవంతెన మీద ఉండగా మా లీడ్ నుంచి మెసేజ్ వచ్చింది. బిల్లు పాసైంది, రేపు ఆఫీసుకు రండి. స్వప్నక్క నా భుజం పట్టుకుని ఊపేసింది. నాకైతే ఏడుపొచ్చింది. కిందికి జరిపి చూస్తే ఇంకొంత ఉంది. ఈ డబ్బు జనవరి మధ్యదాకే, అప్పటికి మళ్ళీ తేల్చుకోవాలి. పేరుకున్న పనంతా అయ్యేదాకా మిగిలిన సెలవులకు మించి, జీతం లేకుండా అడిగినా, ఎవరికీ ఇవ్వబోమన్నది ఆఖరి వాక్యం.

“జనవరిల మళ్ళ కొట్టుకుంటరంటవా?” అంది స్వప్నక్క.

“కొట్టుకుంటే బాగుండక్కా,” అన్నాను.

ఆ మాటకు నాకే సిగ్గేసింది. వాషింగ్టన్‌లో ఆ శాఖ తరఫున మాతో కలిసి పనిచేసే డెబ్రా అనే ఆమె మూతపడే ముందురోజు మెయిల్ రాసింది. రేపటి నుంచి ఆఫీసు మెయిల్ తెరవడం కూడా కుదరదు, జీతం మళ్ళీ ఎప్పుడో తెలీదు, ఇద్దరు పిల్లలున్నారు అని. ఇక్కడ సెలవులు పోతేనే నేను ఇన్ని శాపనార్థాలు పెట్టాను.

మూడింటికల్లా తిరుగు పడవ ఎక్కేశాం. ఉబిన్ వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. దీవిలో ఫోన్ దానంతటదే మలేసియా నెట్‌వర్క్‌కి మారిపోతుంది, తర్వాత బిల్లు చూసి గుండె పట్టుకోవాలి. పడవ ఎక్కకముందే రోమింగ్ డేటా ఆపేసుకోండి.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో సగం మంది నిద్రపోతున్నారు, నాకు కునుకు పట్టలేదు. ముఖం కూడా తెలియని మనుషులు ఎక్కడో బల్ల గుద్దుకుంటే, నెల్లూరులో ఒక పిల్ల పక్కన ఎవరుండాలో దాన్నిబట్టి తేలుతుందన్న సంగతి ఎంత ఆలోచించినా మింగుడుపడలేదు. వాళ్ళు రాజీపడితే నాకు దొరికేది రెండు రోజులు, అందులో ప్రయాణానికే రెండూ సరి. కొట్టుకుంటే ఆఫీసు మూసి నన్ను వాళ్ళే పంపిస్తారు, జీతం లేకపోయినా సరే. అంతలో రాధిక ఫోన్ చేసింది. టీవీలో చూసిందట, మీ ఆఫీసు తెరిచేశారటగా అంటూ సంతోషపడింది. “ఇంక నువ్వు వచ్చేస్తావు కదక్కా?” అంది. వస్తానే అన్నాను. ఆ మాట నిలబడాలంటే డెబ్రా జీతం మళ్ళీ ఆగాలి.